కౌంటర్ వెనక స్టూలు

గ్యారేజీలో ఉన్న పాత ప్లిమత్ కారుని అల్లుడికి ఇచ్చేశారన్న సంగతి లీలావతికి వాట్సాప్‌లో తెలిసింది. వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో తన ఇంట్లో, తన వంటింట్లో, చేతులకు శనగపిండి అంటుకుని ఉండగా ఫోన్ టింగుమంది. ఫ్యామిలీ గ్రూపులో అల్లుడు శశికాంత్ ఫ్రిస్కో నుంచి మెసేజ్ పెట్టాడు. 'థాంక్యూ సో మచ్ మావయ్యగారూ. ప్లిమత్ టెక్సస్‌కి వచ్చేస్తోంది.' దాని కింద కూతురు హాసిని గుండె బొమ్మలు పెట్టింది. వాటి కింద మొగుడు రాజారావు దణ్ణం పెడుతున్న చేతులు పెట్టాడు. పక్క గదిలో సోఫాలో కూర్చుని మరీ పెట్టాడు. ఆ గదికీ ఈ వంటింటికీ మధ్య తలుపు కూడా లేదు.

లీలావతి చేతులు కడుక్కుని వెళ్ళి సోఫా ముందు నిలబడింది.

"ఏమిటిది?" అని ఫోన్ చూపించింది.

"అదా," అన్నాడు రాజారావు టీవీ మీంచి చూపు తిప్పకుండా. "చెబుదామనే అనుకుంటున్నాను. శశి అడిగాడు. నోరు తెరిచి అడిగాడు లీలా, మొట్టమొదటిసారి. పెళ్ళిలో కూడా ఏమీ అడగలేదు ఆ అబ్బాయి. అల్లుడు అడిగితే కాదంటామా?"

"తీసుకెళ్ళి ఏం చేస్తాడట?"

"ఎలక్ట్రిక్ కన్వర్షన్. ఇంజిన్ పీకేసి మోటారు, బ్యాటరీలు పెట్టిస్తాడు. వాళ్ళ దగ్గర ఎవడో చేస్తాడట. ఐడియా నాకూ నచ్చింది. పైకి పాత కారు, లోపల కొత్త కారు."

"ఇంజిన్ పీకేసి," అంది లీలావతి.

"ఆ."

"నన్నో మాట అడగాలని తోచలేదా?"

అప్పుడు తిప్పాడు చూపు. మనిషి నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యం చూసే ఆవిడకి ఒళ్ళు మండింది. తప్పు చేసి దొరికిపోయినవాడి మొహం పెట్టినా కాస్త నయంగా ఉండేది.

"నిన్నా? నీకెందుకది? ఎప్పుడైనా నడిపావా?"

"ఎప్పుడు నడపనిచ్చారు గనక."

"సరేలే. నీ సంతకం మాత్రం కావాలి. కాగితాల మీద నీ పేరే ఉంది కదా, మా అమ్మ గొడవ వల్ల. శనివారం మధ్యాహ్నం ట్రక్కొస్తుంది. పిల్లలు కూడా పొద్దున ఫ్లైట్‌కి వచ్చేస్తున్నారు. పులిహోర చెయ్యి, శశికిష్టం."

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఈ ఇంట్లో సామెత కూడా తిరగబడింది. పెళ్ళాం సొమ్ము మావగారు అల్లుడికి దానం చేశాడు, పైగా పులిహోరతో సహా.

అమ్మ గొడవ అంటే ఇది. ఆ కారు కొన్న కొత్తలో రాజారావు తల్లి కాకినాడ నుంచి ఫోన్ చేసి, కొడుకు జాతకంలో నాలుగో ఇంట శని కూర్చున్నాడనీ, సొంత పేరున వాహనం ఉంటే గండమనీ, సిద్ధాంతిగారు పెళ్ళాం పేరున పెట్టమన్నారనీ చెప్పింది. ఆఫీసులో పదిమందికి ప్రోగ్రామింగ్ నేర్పే రాజారావు మర్నాడే సెలవు పెట్టి, లీలావతిని వెంటబెట్టుకెళ్ళి, కారు ఆవిడ పేరుకి మార్పించాడు. శనిదేవుడు వర్జీనియా మోటారు వాహనాల ఆఫీసుకొచ్చి రికార్డులు తిరగేస్తాడని ఆయన నమ్మకం కాబోలు. ఆ తర్వాత ఆ సంగతి ఇద్దరూ మరిచిపోయారు. అది ఆయన కారు. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ రాజారావుగారి ప్లిమత్. ఏటా ఉగాది సంబరాల్లో హాలు బయట పెడితే పిల్లలు దాని ముందు ఫొటోలు దిగేవారు.

సొమ్మొకడిది, సోకొకడిది.

న్యాయంగా చెప్పుకుంటే, ఆ కారు మీద మోజు పడింది రాజారావే. అమెరికా వచ్చిన రెండో ఏడు, ఎవరో ముసలాయన పెరట్లో తుప్పు పట్టిపోతున్న పంతొమ్మిది వందల యాభై ఒకటి నాటి ప్లిమత్‌ని చూశాడు. చిన్నప్పుడు కాకినాడలో ఓ రైసుమిల్లు యజమానికి అలాంటిదే ఉండేదట. చవగ్గా వచ్చిందని కొన్నాడు, అపార్ట్‌మెంటు వెనక స్నేహితుడి గ్యారేజీలో పెట్టించాడు. శనివారాలు వెళ్ళి దాని కింద పడుకునేవాడు. రెంచీలు పట్టిందీ, వేళ్ళు చితగ్గొట్టుకుందీ ఆయనే. కాదనడానికి లేదు.

కానీ రెంచీతో బిగించడానికి ముందు ఓ సామాను ఉండాలి. ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో వెతికి కొనుక్కోవడం లేదు. ఆ సామాను ఎక్కడ దొరుకుతుందో కనిపెట్టాలి, ఫోన్ చేయాలి, తెప్పించాలి.

లీలావతి అప్పటికి ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, మొగుడి వీసాకి తోకలా అంటుకొచ్చిన వీసా మీద ఆ అపార్ట్‌మెంటులో కూర్చుని ఉంది. ఉద్యోగం చేయకూడదు. డ్రైవింగ్ రాదు. బయట మంచు. ఇంట్లో చంటిపిల్ల హాసిని. చదవడానికి తెలుగు పత్రికైనా లేదు. పోస్టు డబ్బాలోకి వచ్చేవల్లా కారు సామాన్ల కేటలాగులు. ఒహాయో నుంచి ఒకటి, పెన్సిల్వేనియా నుంచి ఒకటి, ఇంకెక్కణ్ణుంచో ఇంకొకటి. టెలిఫోన్ డైరెక్టరీ అంత లావు, చవక కాగితం, పేజీ తిప్పితే వేలికి సిరా అంటేది. లోపల కారుని ముక్కముక్కలుగా విడదీసి గీసిన బొమ్మలు, ఒక్కో ముక్కకీ ఓ నంబరు. పిల్లకి అన్నం పెడుతూ అవే చదివేది. మొదట్లో విసుగుకి చదివింది. తర్వాత అర్థమవుతున్నందుకు చదివింది. ఆ తర్వాత కొత్త కేటలాగు రావడం ఆలస్యమైతే పోస్టుమాన్ కోసం కిటికీలోంచి చూసేది.

మొదటి ఆర్డరు రాజారావే చేశాడు. అవతలి మనిషి "పార్డన్?" అంది. మళ్ళీ చెప్పాడు. "పార్డన్?" అంది. మూడోసారికి ఆయన ఫోన్ విసిరికొట్టి, వీళ్ళకి ఇంగ్లీషు రాదు అని తేల్చేశాడు. "నువ్వు చెయ్యి" అన్నాడు. చేసింది. నంబర్లన్నీ చెప్పింది. చివర్లో అవతలి మనిషి ఆర్డరు ఎవరి పేరున అనడిగింది. లీలావతిని పెంచింది నాయనమ్మ. మొగుడి పేరు నోటితో అంటే ఆయుష్షు తరుగుతుందని పాలతో పాటు పోసిన మనిషి. లీలావతి నోరు తెరిచి, మూసి, తెరిచి, లైను తెగిపోయిందేమోనని అవతలి మనిషి హలో హలో అంటుంటే, "లీల" అనేసింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి పెట్టె మీదా లీల అనే ఉండేది. కారు నాది, పెట్టె నీ పేరునా అని రాజారావు కొన్నాళ్ళు సణిగాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

కేటలాగుల్లో దొరకనివి వాల్టర్ దగ్గర దొరికేవి. వారెంటన్ వెళ్ళే పాత రోడ్డు మీద ఉండేది ఆయన షాపు. నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలు, వాటి మీద పెన్సిల్ రాతలు, గ్రీజు వాసన. కొనేవాళ్ళ వైపు ఎత్తు స్టూళ్ళు వరసగా ఉండేవి. కౌంటర్ వెనక ఒక్కటే స్టూలు, వాల్టర్‌ది. రాజారావు లీలావతిని దింపి కారులోనే కూర్చుని పేపరు చదువుకునేవాడు. "వాడు నన్ను చూడకుండా నీతో మాట్లాడతాడు" అనేవాడు. నిజమే. నంబరు చెప్పేది ఆవిడ కదా మరి.

ఒక వేసవిలో కారు పది మైళ్ళు పోతే చాలు కుతకుతా ఉడికేది. రాజారావు రేడియేటర్ మార్చాడు. పైపులు మార్చాడు. ఊళ్ళో మెకానిక్ ఇంజిన్ చచ్చిపోయిందన్నాడు. రాజారావు నెత్తిన చేతులు పెట్టుకుని, తుక్కు కింద అమ్మేద్దామన్నాడు. లీలావతి పిల్లని చంకనేసుకుని వాల్టర్ దగ్గరికి వెళ్ళి, ఏ సామానూ అడగలేదు. ఏ సిలిండర్ల దగ్గర వేడెక్కుతోందో, ఎన్ని మైళ్ళకి ఎక్కుతోందో చెప్పింది. వెనక సిలిండర్లే కాలిపోతున్నాయంటే వాటి దాకా నీళ్ళు చేరడం లేదేమోనంది. వాల్టర్ ఆవిడ వంక చూసి, లోపలికి వెళ్ళి ఓ పొడుగాటి రేకు గొట్టం తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ఇంజిన్ లోపల, నీళ్ళ పంపు వెనకాల, కంటికి కనపడకుండా ఇలాంటిదొకటి ఉంటుంది, చివరి సిలిండరు దాకా చల్లనీళ్ళు మోసుకెళ్ళేది అదే, అది తుప్పుపట్టి పోయిందన్నమాట అన్నాడు. అలాగే అయింది. పాత గొట్టం పెళ్ళలు పెళ్ళలుగా ఊడొచ్చింది. కొత్తది వేశాక కారు ఉడకలేదు.

ఆ మాట చెప్పడానికి వెళ్ళినప్పుడు వాల్టర్ అన్నాడు: "నీకు పని చేసుకునే కాగితాలు వచ్చిన రోజున నాకు చెప్పు. ఈ కౌంటర్ వెనక నీకో స్టూలు వేస్తాను."

నవ్వుతూనే అన్నాడు. కానీ వెళ్ళిన ప్రతిసారీ అన్నాడు. కాగితాలొచ్చాయా అని అడిగేవాడు. ఆవిడ ఆ స్టూలు మీద తనని చాలాసార్లు చూసుకుంది. ఈ దేశంలో తన పేరు తెలిసిన చోటు అదొక్కటే. హాసిని వాళ్ళమ్మ కాదు, రాజారావు వైఫ్ కాదు. లీల.

కాగితాలు ఏళ్ళకి వచ్చాయి. వచ్చిన పూటే వాల్టర్ షాపుకి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు, మెషీన్ పలికింది. గొంతు సవరించుకుని, "నేను లీలని. నాకు కాగితాలొచ్చాయి. మీకింకా ఆ ఉద్దేశం ఉంటే ఫోన్ చేయండి" అని చెప్పి పెట్టేసింది. ఆ చలికాలమంతా ఫోన్ పక్కనే కూర్చుని బట్టలు మడిచింది. ఫోన్ రాలేదు. మళ్ళీ చేయడానికి అభిమానం అడ్డొచ్చింది. తెల్లవాడు నవ్వుతూ అన్న మాట పట్టుకుని వేలాడిన నేనొక పిచ్చిదాన్ని, అనుకుంది. వాల్టర్ మీద కోపంతో ఆ షాపు గడప తొక్కడం మానేసింది. దారిలో ఆయన కనపడితే మొహం తిప్పుకుంది. ఏం కావాలన్నా ఒహాయో నుంచే తెప్పించింది. కొన్నేళ్ళకి వాల్టర్ పోయాడనీ, షాపు ఎత్తేశారనీ ఎవరో చెబితే, 'అయ్యో' అని కూడా అనలేదు. తర్వాత ఓ ప్రీస్కూల్లో సహాయకురాలిగా చేరి, ఊరివాళ్ళ పిల్లల ముక్కులు తుడుస్తూ రిటైరైంది.

శనివారం పొద్దున్నే కూతురూ అల్లుడూ దిగారు. శశికాంత్ చెడ్డవాడేం కాదు. ఎమ్మెస్ చేయడానికి వచ్చి, ఉద్యోగం తెచ్చుకుని, హాసినిని ప్రేమించి, పెద్దల్ని అడిగి చేసుకున్నాడు. బూట్లు విప్పి, అత్తగారికి దణ్ణం పెట్టి, తిన్నగా గ్యారేజీలోకి వెళ్ళాడు. వెళ్ళి ఫోన్‌తో ఫొటోలు తీస్తుంటే లీలావతి తలుపు దగ్గర నిలబడి చూసింది.

"ఇంజిన్ బేలో ఎంత స్పేసుందో చూడండి అత్తయ్యా. బ్యాటరీలన్నీ ఇక్కడే పట్టేస్తాయి," అన్నాడు.

"ఆ ఇంజిన్ ఏం చేస్తారు బాబూ?"

"స్క్రాప్‌కి ఇచ్చేస్తామండీ. మహా అయితే ఎవరైనా కాఫీ టేబుల్ చేసుకుంటారు." నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. లోపలికి వచ్చి పులిహోర కలిపింది. అల్లుడు తింటాడని కాదు, చేతులకి పని లేకపోతే ఏం చేస్తుందో ఆవిడకే తెలియదు గనక.

భోజనాల దగ్గర రాజారావు పెళ్ళికొడుకులా ఉన్నాడు. అల్లుడు ఫోన్‌ని నీళ్ళగ్లాసుకి ఆనించి, "మావయ్యగారూ, కారు స్టోరీ చెప్పండి. వీడియో తీసి పెడతాను. మై ఫాదర్ ఇన్ లాస్ ప్లిమత్ అని," అన్నాడు. అడగడమే తరువాయి. రాజారావు మొదలెట్టాడు. నేను వెతికాను, నేను తెప్పించాను, నేను కనిపెట్టాను. ఆ కారుకి ఎడమవైపు చక్రాల బోల్టులు అన్ని కార్లలాగా తిప్పితే ఊడవు, ఎదురు తిప్పాలి. ఆ రహస్యం తానే కనిపెట్టానన్నాడు. అది తెలియక ఆయన ఓ బోల్టు విరిస్తే, కేటలాగులో చిన్నక్షరాలు చదివి చెప్పింది లీలావతి. ఇంజిన్ ఉడికిన కథ కూడా చెప్పాడు. అందులో ఆయనా, ఇంజినూ, గొట్టమూ ఉన్నాయి. ఇంకెవరూ లేరు.

"మరి మీ అత్తయ్యా?" అన్నాడు తనే, పెద్దమనసు చేసుకుని. "పాపం, ఓపిగ్గా భరించింది. పకోడీలు వేసి పంపేది గ్యారేజీకి."

లీలావతి అల్లుడి కంచంలో వంకాయ కూర వేసింది. గరిటె అంచుకి తగిలి ఠంగుమంది.

"బట్ నాన్నా," అంది హాసిని, "ఇంటర్నెట్ లేదు కదా దెన్. హౌ డిడ్ యూ ఫైండ్ స్టఫ్?"

"కేటలాగులుండేవి. షాపులుండేవి. వాల్టరని ఒక ముసలాడుండేవాడులే, వాడి కథ చెప్పనే లేదు కదూ." రాజారావుకి చెప్పకముందే నవ్వొచ్చింది. "ఒకరోజు నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను, మీ అమ్మ నిన్ను తేవడానికి స్కూలుకెళ్ళింది. ఫోనొచ్చింది. వాడే. మీ వైఫ్‌ని నా షాపులో పనికి పంపుతావా అన్నాడు. మీ అత్తయ్యని, శశీ. స్పేర్ పార్ట్స్ షాపులో, కౌంటర్ మీద."

శశికాంత్ నవ్వాడు. హాసిని "నో వే" అంది.

"నేనేమన్నానో తెలుసా? సార్, మై వైఫ్ ఈజ్ ఎ పోస్ట్‌గ్రాడ్యుయేట్, షీ ఈజ్ నాట్ లుకింగ్ ఫర్ దట్ కైండ్ ఆఫ్ వర్క్ అన్నాను. వదల్లేదు వాడు. మళ్ళీ కొన్నాళ్ళకి ఓ ఆదివారం చేశాడు, అప్పుడూ నేనే ఎత్తాను. షీ లెఫ్ట్ మీ ఎ మెసేజ్ అంటాడు. ఈసారి గట్టిగా చెప్పాను, డోంట్ కాల్ దిస్ హౌస్ అని. మళ్ళీ చేస్తే ఒట్టు."

నవ్వి నవ్వి ఆయనకి పొలమారింది. హాసిని నీళ్ళందించింది. శశికాంత్ నవ్వుతూ అత్తగారి వైపు తిరిగి, ఆవిడ మొహం చూసి, నవ్వు ఆపేశాడు. చెయ్యి చాపి ఫోన్‌లో వీడియో కూడా ఆపేశాడు.

లీలావతి కూర గిన్నె బల్ల మీద పెట్టింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ క్షణాన తెలిసింది ఆవిడకి. ముందు ఆ మంట మొగుడి మీద కాదు, తన మీదే. వాల్టర్ అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఒకటికి రెండుసార్లు చేశాడు. ఆ మనిషిని తను ఇన్నేళ్ళు మాటతప్పినవాడని తిట్టుకుంది. చచ్చిపోయాడంటే అయ్యో అనలేదు. ఆయన దారిలో ఎదురైనప్పుడు ఎందుకు మొహం తిప్పుకుందో ఆయనకు తెలియదు. తన మొగుడి మాటే తన మాటనుకుని పోయుంటాడు. ఆ పని తనకి తక్కువదని తనే అనిపించిందనుకుని పోయుంటాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది.

"ఏమిటి?"

"వాల్టర్ ఫోన్ చేశాడని."

"చెప్పడానికేముంది?" రాజారావు ఇంకా కళ్ళు తుడుచుకుంటున్నాడు. "నేనప్పుడు తెలుగు అసోసియేషన్ సెక్రటరీని. సెక్రటరీగారి భార్య బోల్టులమ్ముతోందంటే నలుగురూ ఏమనుకునేవాళ్ళు? నీ గౌరవం కోసమే చెప్పాను వద్దని."

"నేను మెసేజ్ పెడితే చేశాడాయన. ఆ మాట మీతో చెప్పాడు కూడా. ఇప్పుడు మీ నోటితో మీరే అన్నారు."

రాజారావు గ్లాసు కింద పెట్టాడు. "ఎప్పటి సంగతో. నాకేం గుర్తు, సరదాకి చెప్పాను."

"అమ్మా," అంది హాసిని, చిన్నగా. "ఇట్ వాజ్ లైక్, ట్వెంటీ ఇయర్స్ ఎగో. నీకు జాబ్ ఉంది కదా తర్వాత, స్కూల్‌లో. యూ లైక్డ్ ఇట్."

"నేను లైక్ చేశానని నీకెవరు చెప్పారు?"

హాసిని ఆలోచించింది. పాపం, నిజంగానే ఆలోచించింది. "నాన్న," అంది.

"అదీ సంగతి," అంది లీలావతి.

బయట పెద్ద హారన్ మోగింది. ట్రక్కొచ్చింది. రాజారావుకి ప్రాణం లేచొచ్చినట్టయింది. కంచంలోనే చెయ్యి కడిగేసి, సొరుగులోంచి కారు కాగితం, పెన్నూ తీసుకుని, అల్లుడి భుజం తట్టి బయటికి నడిచాడు. వెనకే హాసిని. అందరికన్నా వెనక లీలావతి, పైట కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ.

డ్రైవర్ పొడుగాటి మనిషి, తల మీద టోపీ. అప్పటికే ర్యాంపు దించి గొలుసులు తీస్తున్నాడు. గ్యారేజీ తలుపు పైకి లేచి ప్లిమత్ కనపడగానే ఈల వేశాడు. రాజారావు కాగితం ఇచ్చాడు. డ్రైవర్ చదివాడు.

"ఓనర్ ఎవరు?" అన్నాడు.

"నేనే," అన్నాడు రాజారావు.

"లీ-లా-వా-టీ మీరేనా?"

"ఆమె నా భార్య. కాగితాల కోసం పెట్టిన పేరు. ఇప్పుడే సంతకం పెడుతుంది." తిరిగి, పెన్ను చాపి, తెలుగులో అన్నాడు: "లీలా, తర్వాత ఎంతైనా పోట్లాడుకుందాం. ముందు సంతకం పెట్టు. అల్లుడి ముందు నా పరువు తీయకు."

ఆవిడ పెన్ను తీసుకోలేదు. ఆ పెన్ను అలాగే గాల్లో ఉంది.

"మావయ్యగారూ, అత్తయ్యకి ఇష్టం లేనట్టుంది," అన్నాడు శశికాంత్. "నాకేం తొందర లేదండీ."

"నువ్వుండు శశీ. అది అలాగే అంటుంది. కాసేపు అలిగి పెడుతుంది. నాకు తెలుసు దాని సంగతి."

నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ తరఫున ఆయన చెప్పిన జవాబులన్నీ వరసగా వినపడ్డాయి లీలావతికి. ఆవిడకి కాఫీ వద్దు. ఆవిడకి డ్రైవింగంటే భయం. ఆవిడకి స్కూలుద్యోగం ఇష్టం. షీ ఈజ్ నాట్ లుకింగ్. ప్రతిసారీ నవ్వుతూనే, ప్రేమగానే, ఆవిడ పక్కనే నిలబడి ఉండగానే చెప్పాడు. ఒక్క జవాబు మాత్రం ఆవిడ లేకుండా చెప్పాడు. ఆవిడకి నిజంగా కావలసింది ఆ ఒక్క పనే.

డ్రైవర్ వాచీ చూసుకున్నాడు. "బండి వస్తోందా, లేదా?" అన్నాడు.

"వస్తోంది," అన్నాడు రాజారావు. "ఐదు నిమిషాలు ఆగండి."

"ఆయన అడిగింది ఓనర్‌ని," అంది లీలావతి.

ఇంగ్లీషులోనే అంది. ఆర్డరు డెస్కుల వాళ్ళతో మాట్లాడి నేర్చుకున్న ఇంగ్లీషు, ఒక్కమాట రెండోసారి చెప్పనక్కర్లేని ఇంగ్లీషు. మెట్లు దిగి వెళ్ళి డ్రైవర్ చేతిలోంచి కాగితం తీసుకుంది.

"ఓనర్ని నేను. బండి రావడం లేదు. ఇంత దూరం తిప్పినందుకు క్షమించండి."

డ్రైవర్ నలుగురి మొహాలూ చూసి, ఇలాంటివి చాలా చూసినవాడిలా తలూపి, గొలుసులు తిరిగి చుట్టడం మొదలుపెట్టాడు. శశికాంత్ వెళ్ళి అడక్కుండానే గ్యారేజీ తలుపు దించాడు. హాసిని వచ్చి తల్లి పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

ట్రక్కు వెనక్కి తిరిగి వీధి మలుపు దాటేదాకా రాజారావు వాకిట్లోనే నిలబడ్డాడు. ఎదురింటివాళ్ళు కుక్కని నడిపిస్తూ చెయ్యూపితే తిరిగి చెయ్యూపాడు. వాళ్ళు వెళ్ళాక ఆయన మొహం కందగడ్డలా అయింది.

"ఇప్పుడు తృప్తిగా ఉందా?" అన్నాడు. "కూతురి ముందు, అల్లుడి ముందు. ఏం చేసుకుంటావు దాన్ని? ఊరేగుతావా? ఆ కారంటే నీకంత ప్రాణమని నేనెలా కనుక్కునేది? ఆ పనంటే ఇష్టమని నేనెలా కనుక్కునేది? నా మీదే అరుస్తావు గానీ, ఇది నాక్కావాలి అని ఒక్కసారి, ఒక్కసారి నోరు తెరిచి అడిగావా ఇన్నేళ్ళలో?"

లీలావతి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"అడిగాను," అంది. "జవాబుకి ఫోనొచ్చింది. మీరెత్తారు."